జ్ఞాపకశక్తి పరీక్షలు - భాష, చదువుల ప్రభావము

వృద్ధాప్యమున మతిమరపు సహజమే. కాని కొందరిలో అది వయస్సు వలన వచ్చిన మరపు మాత్రమే కాదు. మెదడులోని కణములు క్రమముగా దెబ్బతినుటచే కలుగు వ్యాధి. దీనిని 'డిమెన్షియా' లేక చిత్తవైకల్యము అందురు. ఇందు ఎక్కువగా కనిపించు రకము ఆల్జీమర్స్ వ్యాధి. 2017-2020 సంవత్సరముల మధ్య మన దేశమున 60 ఏండ్లు దాటిన నాలుగు వేలమందికి పైగా పరీక్షించి, ఆ వయస్సువారిలో నూటికి 7.4 మందికి ఈ వ్యాధి ఉన్నదనియు, మొత్తము రోగుల సంఖ్య సుమారు 88 లక్షలనియు అంచనా వేసిరి.

ఈ వ్యాధిని గుర్తించుటలో మొదటి మెట్టు రోగిని కొన్ని ప్రశ్నలు అడుగుట. ఆ ప్రశ్నలు ఎవరికొరకు తయారైనవి అన్నదే ఇచట ముఖ్యవిషయము.

ముప్పది మార్కుల పరీక్ష

1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలసి ఒక చిన్న పరీక్షను రూపొందించిరి. ఇది ప్రపంచమంతటా వ్యాపించినది. ఇందు మొత్తము 30 మార్కులు. 24కు తగ్గినచో అనుమానింపవలెనని వాడుక.

ముండ్లమూరు ప్రాంతపు మెట్టచేలలో జీవితమంతా గడపిన, బడి ముఖము చూడని 70 ఏండ్ల వృద్ధురాలికి ఈ పరీక్ష పెట్టినారనుకొందము. నూరులోనుండి ఏడు చొప్పున అయిదుసార్లు తీసివేయుమందురు. దానికి 5 మార్కులు. కాగితముపై ఉన్న ఆజ్ఞను చదివి కన్నులు మూయవలెను, 1 మార్కు. ఒక వాక్యము వ్రాయవలెను, 1 మార్కు. ఒకదానిపై ఒకటి పడిన రెండు పంచభుజులను చూచి గీయవలెను, 1 మార్కు. ఏనాడును బలపము పట్టని ఆమెకు ఈ 8 మార్కులును పోవచ్చును. మిగిలినవన్నియు సరిగా చెప్పినను వచ్చునవి 22 మాత్రమే. తేదీ, సంవత్సరము అడిగినచో మరి రెండు పోవచ్చును. మృగశిర కార్తె ఎప్పుడు ప్రవేశించినదో, అమావాస్య ఇంక ఎన్నినాళ్లున్నదో ఆమె తడుముకొనక చెప్పగలదు. కాని పరీక్షలో ఆ ప్రశ్నలు లేవు. ఇట్లు ఏ జబ్బును లేని మనిషి రోగిగా లెక్కకు వచ్చును.

దీనికి విరుద్ధముగా, బాగుగా చదువుకొన్న విశ్రాంత ఉద్యోగికి నిజముగానే వ్యాధి మొదలై, 30 రావలసినచోట 25 వచ్చినను, పరీక్ష ఆయనను ఆరోగ్యవంతునిగానే చూపును. మొదటివారికి అనవసరమైన భయము, రెండవవారికి వైద్యసహాయములో ఆలస్యము కలుగుచున్నవి.

అనువాదము చాలదు

ప్రశ్నలను తెనిగించినంత మాత్రమున ఈ దోషము పోదు. ఒక చిన్న లెక్క చూడుడు. ఒకటి నుండి తొమ్మిది వరకు తెలుగు అంకెలను పలికినచో అక్షరములు 23 అగును. ఇంగ్లీషులో అవే అంకెలకు పలుకు విరుపులు 10 మాత్రమే. విన్న అంకెలను మనస్సులో మరల మరల పలుకుకొనుచు నిలుపుకొందుము కనుక, పలుకుటకు ఎక్కువ కాలము పట్టు అంకెలు తక్కువగా గుర్తుండును. 1980లో వెల్ష్, ఇంగ్లీషు భాషలు రెండును వచ్చినవారిని పరీక్షించగా, వారికి ఇంగ్లీషు అంకెలే ఎక్కువ గుర్తుండెను. స్పానిష్ అంకెల విషయమునను ఇట్టి చిక్కే కలదు. కనుక తెలుగున పరీక్షించినవారిని తెలుగువారి ప్రమాణములతోనే పోల్చవలెను.

అట్లే, ఫలానా అక్షరముతో మొదలగు మాటలు చెప్పుమను ప్రశ్న ఇంగ్లీషులో తేలిక. తెలుగున 'ప'తో చెప్పుమన్నచో 'పలక' సరే. 'పిల్లి', 'పూవు' లెక్కకు వచ్చునా, రావా? గుణింతము గల లిపికి నియమము వేరుగా ఏర్పరుపవలెను. చదువురానివారికి అక్షరమన్నదే తెలియదు. జంతువుల పేర్లు చెప్పుమన్నచో, పశువుల మధ్య పెరిగినవారు పట్టణవాసులకు తీసిపోరు.

జరిగిన కృషి

1995లో గంగూలీ మున్నగువారు హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామములలో నిరక్షరాస్యులైన వృద్ధులకొరకు ఆ 30 మార్కుల పరీక్షను హిందీలో తిరిగి మలచిరి. వేళ తెలుసునా అనుటకు ఉదయమా, మధ్యాహ్నమా, సాయంకాలమా అని అడిగిరి. చదివి కన్నులు మూయుటకు బదులు, పరీక్షకుడు కన్నులు మూసి చూపి, తాను చేసినట్లే చేయుమనెను. వాక్యము వ్రాయుటకు బదులు ఇంటినిగూర్చి ఒక మాట చెప్పుమనిరి. నూరులో ఏడుకు బదులు ఇరువదిలో మూడు తీసివేయించిరి. మెక్సికోలో 1999లో వెలువడిన 'న్యూరోప్సి' అను స్పానిష్ పరీక్షకు వయస్సును బట్టియు, చదువును బట్టియు వేర్వేరు ప్రమాణములు కలవు. అందు బడికి పోనివారిది ఒక ప్రత్యేక వర్గము.

మన హైదరాబాదులోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 100 మార్కుల ఆడెన్‌బ్రూక్ పరీక్షను తెలుగునకు అనువుగా మార్చిరి. 2013లో వారు 648 మంది రోగుల వివరములను ప్రకటించిరి. రెండు భాషలు మాట్లాడువారికి వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చినట్లు తేలినది. చదువురానివారిలోను ఈ తేడా కనిపించినది. బడిలేని మనిషి మెదడు పనిలేనిది కాదని దీనివలన స్పష్టము. తరువాత భారత వైద్యపరిశోధనా మండలి తెలుగుతో కూడ అయిదు భాషలలో పరీక్షల సంపుటిని సిద్ధపరచినది.

న్యాయమైన పరీక్ష యనగా తేలిక పరీక్ష కాదు. చదువు లేమి వలన తగ్గు మార్కులను, వ్యాధి వలన తగ్గు మార్కులను వేరుచేసి చూపగలిగినదే న్యాయమైన పరీక్ష. అందుచే మార్కులతోపాటు ఇంటివారిని విచారించుట కూడ అవసరము: పూర్వము చేసిన పనిని ఇప్పుడు చేయలేకున్నారా? తెలిసిన దారి తప్పుచున్నారా?

అంకెల ప్రయోగమును ఉపాధ్యాయులు తరగతిలోనే చేయించవచ్చును. ఒకే పొడవు గల అంకెల వరుసలను ఒకమారు తెలుగున, ఒకమారు ఇంగ్లీషున చదివి, విద్యార్థులచే తిరిగి చెప్పించుడు. బడిలో ఏ భాషలో లెక్కలు నేర్చిరన్న దానిని కూడ ప్రక్కనే వ్రాయించుడు. ఆ రెండు పట్టికలను పోల్చినచో, ఒక పరీక్షలో వచ్చిన మార్కులకు ఎన్ని కారణములుండునో పిల్లలకే తెలియును.