ఉప్పూ చక్కెరా కలిసి దాటే ద్వారం

మా వైద్య శిబిరాల్లో ఓఆర్‌ఎస్ పొట్లాలు పంచుతుంటే దాతలు కొందరు, "ఇది ఉప్పూ చక్కెరే కదా, సెలైన్ బాటిళ్ళకు అడిగితే ఇస్తాం కదా" అంటుంటారు. న్యాయమైన మాటే. జవాబు పేగు గోడలోని కణాల్లో ఉంది.

ప్రతి కణం చుట్టూ కొవ్వుతో ఏర్పడిన పలుచని పొర ఉంటుంది. ప్రాణవాయువు దాన్ని తేలిగ్గా దాటుతుంది. ఉప్పు, చక్కెర దాటలేవు. వాటికి ప్రొటీన్ ద్వారాలు కావాలి. పేగు కణాల్లో ఒక ద్వారం ఉప్పులోని సోడియాన్నీ గ్లూకోజ్‌నూ జంటగా లోపలికి తీసుకుంటుంది. వాటి వెంట నీరూ వెళ్తుంది. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ జంట ప్రయాణాన్ని ప్రతిపాదించారు. కలరాలో ఒంట్లోని నీరంతా కారిపోతున్నా ఈ ద్వారం మూతపడదు. ఉత్త నీళ్ళు ఎన్ని తాగించినా ఆ లోటు తీరనిది అందుకే.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులున్న బనగావ్‌లో కలరా ప్రబలి, సెలైన్ నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి.

స్పృహ తప్పిన బిడ్డకు మాత్రం సెలైనే ఎక్కించాలి; ఆ ఖర్చు మేం మానలేదు.

తల్లులు రుచికని చక్కెర మరికాస్త వేస్తారు. అప్పుడు ఆ చిక్కదనమే నీటిని వెనక్కి పేగులోకి లాగి విరేచనాలు పెంచుతుంది. పొట్లంతో పాటు లీటరు సీసా కూడా ఇస్తున్నది ఇందుకే.