పున్నమి చంద్రుడు మూడు రాత్రులు నిండుగా కనబడుట యెట్లు?

కొంతకాలము క్రిందట మన పాఠశాల ఆఱవ తరగతి బాలబాలికలకు మేమొక చిన్న పని నొప్పగించితిమి. వారము దినములు ప్రతి రాత్రియు చంద్రుని చూచి, కనబడిన ఆకారమును నోటుపుస్తకములో గీచి తేవలెనని చెప్పితిమి. ఒక బాలిక వరుసగా మూడు గళ్ళలో పూర్ణబింబమునే గీచి తెచ్చినది. పాఠ్యపుస్తకములోని పటమున నిండు చంద్రుడు ఒక్కడే గదా! ఈ పిల్ల ఒకనాడు చూచి తక్కిన రెండు దినములు ఊహించి గీచినదని తలచి, మొదటి దానిని, మూడవ దానిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి.

మఱునాడు ఆమె తండ్రి పుస్తకము పట్టుకొని వచ్చెను. "సార్, మూడు రాత్రులు నేను గూడ పక్కనే ఉన్న. మూడు రాత్రులు గట్లనే నిండుగ కనబడ్డడు. చూసింది చూసినట్టు గీయమన్నది మీరే గద!" అనెను. ఆ రాత్రులలో మేము చంద్రుని చూచినవారము కాము. పటమును మాత్రమే చూచితిమి. ఆ సాయంకాలము కూర్చుండి లెక్క వేయగా, తప్పు మాదేనని తేలినది. ఆ లెక్కను తల్లిదండ్రు లందఱికిని తెలుపుటకే ఈ వ్యాసము.

మొదట ఒక అపోహను తొలగింపవలసియున్నది. చంద్రుని వృద్ధి క్షయములు భూమి నీడ వలన కలుగునని పెద్దవారిలోను పలువురు భావింతురు. అది సరికాదు. భూమి నీడ పడినప్పుడు కలుగునది గ్రహణము. 2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి ఇట్టి నీడయే చంద్రుని కప్పినది. 11 గంటలు మొదలు 12 గంటల 22 నిమిషముల వఱకు బింబమంతయు తామ్రవర్ణమున నుండెను. తక్కిన దినములలో చంద్రగోళమున సగభాగము ఎల్లప్పుడును సూర్యుని వెలుగులోనే యుండును. ఆ వెలుగు సగములో మన వైపునకు తిరిగియున్నది ఎంత యనునదే చంద్రకళ.

ఇచ్చట మన పూర్వులు చేసిన తిథి విభాగము మిక్కిలి ఉపకరించును. చంద్రుడు సూర్యుని నుండి 12 డిగ్రీలు దూరము జరుగుటకు పట్టు కాలము ఒక తిథి. ముప్పది తిథులకు 360 డిగ్రీలు పూర్తియగును. పూర్ణిమా తిథి ముగియు క్షణమున సూర్యచంద్రుల మధ్య సరిగా 180 డిగ్రీలుండును. నిజమైన నిండుదన మా క్షణమునదే.

అయితే కళ దినదినమును సమానముగా పెరుగునని తలపరాదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. అష్టమి తిథి ప్రారంభమున బింబములో నూటికి 45 పాళ్ళు వెలిగియుండగా, ఆ తిథి ముగియునప్పటికి 55 పాళ్ళు వెలుగును. ఒక్క తిథిలో పది పాళ్ళు! చతుర్దశి ప్రారంభమున 95.7 పాళ్ళు, పూర్ణిమ ప్రారంభమున 98.9 పాళ్ళు, పూర్ణిమాంతమున నూరు. అనగా పూర్ణిమా తిథి యంతయు గడచినను పెరుగునది ఒక్క పాలు మాత్రమే. తరువాత పాడ్యమినాడు తఱుగునదియు అంతియే. ఉయ్యాల నడుమ వేగముగా పోయి, కొనకు చేరినప్పుడు నిలిచినట్లే యుండి మెల్లగా వెనుకకు మరలును. చంద్రకళ నడక యిట్టిదే.

ఇక మన కన్నుల సంగతి. చంద్రబింబము ఆకాశమున సుమారు అర డిగ్రీ వెడల్పు, అనగా సుమారు 31 కోణ నిమిషములు. ఒక డిగ్రీలో అఱువదియవ వంతునకు కోణ నిమిషమని పేరు. ఆరోగ్యవంతమైన కన్ను వేఱుగా గుర్తింపగల సూక్ష్మ పరిమాణము సుమారు ఒక కోణ నిమిషము. పూర్ణిమ ప్రారంభమున బింబమునకు గల కొఱత అందులో మూడవ వంతు మాత్రమే. కన్ను దానిని పట్టజాలదు. చతుర్దశి ప్రారంభమున కొఱత ఒక నిమిషమునకు కొంచె మెక్కువ. శ్రద్ధగా చూచువారికి తోచవచ్చును, సామాన్యముగా తోచదు. అందును నిండు వెన్నెల కాంతి కన్నులకు మిఱుమిట్లు గొలిపి అంచును చెదరగొట్టును. కావున చతుర్దశి, పూర్ణిమ, పాడ్యమి రాత్రులు మూడును మనకు పున్నమి రాత్రులే. ఆ బాలిక చేతిలో అబద్ధము లేదు.

ఈ విషయమై మన కిన్వట్‌లో 2025 అక్టోబరులో వచ్చిన సందేహమును గూడ చెప్పవలెను. మరాఠీవారికి కోజాగిరి 6వ తేదీ రాత్రి. అనేక పంచాంగములలో పూర్ణిమ 7వ తేదీకి వ్రాయబడినది. "ఎవరి లెక్క తప్పు?" అను ప్రశ్న సహజమే. ఎవరిదియు తప్పుకాదు. పూర్ణిమా తిథి 6వ తేదీ మధ్యాహ్నము సుమారు 12 గంటల 23 నిమిషములకు ప్రవేశించి, 7వ తేదీ ఉదయము 9 గంటల 16 నిమిషముల ప్రాంతమున ముగిసినది. వెన్నెలలో పాలు కాచు కోజాగిరికి రాత్రియందున్న తిథి ముఖ్యము. దినమునకు పేరు పెట్టుటకు సూర్యోదయమున నున్న తిథి ముఖ్యము. నెల లెక్కలోనైనను మనకును వారికిని భేదము లేదు. ఇరువురమును అమావాస్యతో మాసము ముగించువారమే. (1956 వఱకు ఈ తాలూకా ఆదిలాబాదు జిల్లాలోనే యుండెనని పిల్లలకు చెప్పిన నాశ్చర్యపడుదురు.)

మఱి చంద్రుడో? 6వ తేదీ రాత్రి 8 గంటలకు నూటికి 99.5 పాళ్ళు, 7వ తేదీ రాత్రి అదే వేళకు 99.7 పాళ్ళు. సంపూర్ణమైన క్షణము ఉదయము తొమ్మిది దాటిన పిమ్మట వచ్చినది. అప్పటికి చంద్రుడు మనకు అస్తమించియుండెను. ఆ క్షణపు చంద్రుని చూచు భాగ్యము అప్పుడు రాత్రిగానున్న అమెరికా ప్రజలది! ఆ తిథి 21 గంటలైనను లేకుండుటకు కారణము, చంద్రుడు భూమికి సమీపించి వేగముగా నడచుటయే. దూరముగా నున్నప్పుడు ఒక తిథి 26 గంటలకు పైగా సాగుట గలదు.

ఆకారము చూచి పున్నమిని నిర్ణయింప లేనప్పుడు ఉదయకాలమును చూడవలెను. చతుర్దశినాడు సూర్యుడు క్రుంకక మునుపే చంద్రుడు తూర్పున పొడుచును. పూర్ణిమనాడు ఇంచుమించు క్రుంకు వేళకే. పాడ్యమినాడు చీకటి పడిన తరువాత. మఱియొక గుర్తు గలదు. పొడుచు చంద్రునికి పున్నమికి ముందు కొఱత క్రింది అంచున నుండును, పున్నమి దాటిన పిమ్మట పై అంచున నుండును. ఇంటిలో దుర్భిణి యున్నచో ఈ అంచు స్పష్టముగా తెలియును.

పిల్లలకు చూపుటకు ఖర్చులేని ఉపాయమొకటి. చీకటి గదిలో ఒక్క దీపము వెలిగించి, దానికి వీపు త్రిప్పి, తెల్లని బంతిని తల కంటె కొంచెము ఎత్తున చాచి పట్టుకొనవలెను. బంతి నిండుగా వెలుగును. చేతిని జానెడు ఇటు జరిపినను అటు జరిపినను నిండుగానే తోచును. ప్రక్కకు తెచ్చినప్పుడు మాత్రము స్వల్పముగా కదలించినను వెలుగు భాగము మాఱిపోవును.

ఆ బాలిక పుస్తకములోని ఎఱ్ఱగీతలను తరగతిలోనే అందఱి యెదుట దిద్ది, మార్కులు తిరిగి వేసితిమి. అప్పటి నుండి పటముతో పాటు చూచిన గంటయు వ్రాయుమని చెప్పుచున్నాము. ఆమె ఊరుకొనలేదు: "సార్, అమావాస్య గూడ గట్లనే మూడు దినాలుంటదా?" అని యడిగినది. ఉండును. అప్పుడును ఒక తిథిలో వెలుగునది ఒక్క పాలే. పైగా చంద్రుడు సూర్యుని చెంతనే యుండును. అందుచేతనే నెలవంక కొఱకు మనము విదియ వఱకు వేచియుందుము.