క్రైస్తవుల వసంతపర్వములు: తెలుఁగు పరిభాష

శ్రీకాకుళమండలమున పలాస, పూండి, టెక్కలి ప్రాంతములకును తూర్పుసముద్రమునకును నడుమ నున్న సీమకు ఉద్దానమని వ్యవహారము. ఉద్యానశబ్దమే యిట్లు మాఱినదని ప్రసిద్ధి. కొబ్బరి, జీడిమామిడి, పనసతోఁటలతో నిండిన నేల యగుటచే నా పేరు సార్థకముగనే యున్నది. ఫాల్గునచైత్రములలో జీడిమామిడి ఫలించు వేళ నీ సీమలోని క్రైస్తవసంఘములకు సంవత్సరమునందలి ప్రధానపర్వకాలము వచ్చును. శ్రమకాలము, మట్టలాదివారము, శుభశుక్రవారము, పునరుత్థానపండుగ అని వారు వరుసగాఁ జెప్పుకొను దినము లివియే.

ఈ మాటలు మన పాఠశాలలలో నిత్యము వినఁబడుచున్నవి. క్రైస్తవబాలుఁడు పండుగనుగూర్చి వ్యాసము వ్రాయునపుడు “శ్రమలు” అని బహువచనము వాడును. “తపస్కాలము” అని వ్రాయును. “సహవాసములో ఉన్నాము” అనును. మొదటిదానిని వచనదోషమనియు, రెండవదానిని సంధిదోషమనియు, మూఁడవదానిని అర్థదోషమనియు దిద్దు నుపాధ్యాయులు కలరు. ఆ బాలుఁడు తన యింట, తన గుడిలో తాత ముత్తాతలనుండి విన్న భాష తెలుఁగు కాదని గ్రహించి మఱునాఁటినుండి మౌనము వహించును. ఈ దిద్దుట శాస్త్రసమ్మతమా యని విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

కాలనిర్ణయము

మొదట కాలమును గూర్చి కొంత చెప్పవలెను. ఈస్టరు పండుగకు నియతమైన తేదీ లేదు. మార్చి 21వ తేదీనాఁడు గాని, తరువాత గాని వచ్చు పూర్ణిమకుఁ బిమ్మటి యాదివారమే యా పండుగ. అందఱు నొకే యాదివారమున నాచరింపవలెనని 325వ సంవత్సరమున నీకయా సభలో నిర్ణయమైనది. కావున నది మార్చి 22 మొదలు ఏప్రిలు 25 వఱకు నే యాదివారమున నైనను రావచ్చును. మన పంచాంగముతోఁ బోల్చినచో నది ప్రాయికముగా ఫాల్గునపూర్ణిమకుఁ గాని, చైత్రపూర్ణిమకుఁ గాని సమీపమున నుండును. 2024లో ఫాల్గునపూర్ణిమ తరువాత మార్చి 31న వచ్చినది.

ఇందొక విశేషము కలదు. ఆ పూర్ణిమ ఆకాశమునఁ జూచి నిర్ణయించినది గాక పట్టికలనుబట్టి గణించినది. 2025లో మన చైత్రపూర్ణిమ ఏప్రిలు 12, శనివారము. ఆ లెక్కను మఱునాఁడే ఈస్టరు కావలసినది. కాని వారి పట్టికలో పూర్ణిమ 13వ తేదీ యాదివారమునఁ బడినందున పండుగ 20వ తేదీకిఁ బోయినది. తిథివిషయమున సిద్ధాంతిభేదముల నెఱిఁగిన మనకిది వింత గాదు.

పండుగకు ముందు నలువదిదినములు వ్రతకాలము. బుధవారమున నారంభమై శనివారముతో ముగియు నీ కాలమున మొత్తము 46 దినము లుండును. నడుమ నాఱాదివారములను విడిచినచో నలువది యగును.

శ్రమకాలము, తపస్కాలము

ఈ నలువదిదినములకు తెలుఁగున రెండు పేళ్లు కలవు. రోమను కతోలికులు తపస్కాలమందురు. ప్రొటెస్టంటు సంఘములవారు శ్రమకాలము లేక శ్రమదినములందురు. ఒకరిది తపస్సు, వేఱొకరిది శ్రమ. రెండును వేఱు భావములని తోఁచును. ధాతుపాఠమును జూచినచో వింత యొకటి గోచరించును. శ్రము ధాతువునకుఁ దపస్సనియు ఖేదమనియు నర్థద్వయము చెప్పఁబడినది. శ్రమణశబ్దమున తపోర్థము, పరిశ్రాంతశబ్దమున ఖేదార్థము స్పష్టము. అనఁగా నొక్క ధాతువునందలి రెండర్థములను రెండు శాఖలవారు పంచుకొని యొకే కాలమునకుఁ బేళ్లు పెట్టుకొనిరి. కతోలికుల పేరు ఉపవాసాదులు చేయు భక్తునిఁ జూచుచున్నది. ప్రొటెస్టంటుల పేరు బాధనొందిన క్రీస్తుఁ జూచుచున్నది. బాప్టిస్టు సంప్రదాయమున నలువదిదినముల యుపవాసము విధి గాదు. అట్టిచోఁ గాలమునకు భక్తుని తపస్సునుబట్టి కాక ప్రభువు శ్రమనుబట్టి పేరు నిలుచుట సహజము.

ఇఁక బహువచనము. పని చేయుటవలనఁ గలుగు నలసట యను నర్థమున శ్రమశబ్దము లోకమున నేకవచనాంతముగనే వాడఁబడును. క్రైస్తవుల “శ్రమలు” అలసట గాదు. పట్టువడుట, నిందలు, కొరడాదెబ్బలు, సిలువ మోయుట మొదలగు వేఱువేఱు బాధల సముదాయము. కష్టము, కష్టములు అనునప్పుడు మన మే దోషము నెన్నము. అర్థము భిన్నమైనచో వచనమును భిన్నమగును. కావున దీనిని దిద్ద నక్కఱలేదు.

తపస్కాలశబ్దమునందలి సకారము విచార్యము. తపస్ శబ్దమునకుఁ గాలశబ్దము పరమగునపుడు విసర్గమే నిలిచి తపఃకాలమని కావలెనని వైయాకరణుఁడనును. అయస్కారాదులందువలె నిచట సకారమును విధించు ప్రత్యేకసూత్రము లేదు. అయినను విశేషలక్షణము లేని సకారము ప్రయోగమునఁ గనఁబడినచో దానిని కస్కాదిగణమునఁ జూచుకొనవలెనని వృత్తికారుని యభిప్రాయము. కతోలికసంఘములలో రూఢమైన తపస్కాలశబ్దమును ఆ గణమునఁ జేర్చి సమర్థింపవచ్చును. తపఃకాలమని వ్రాయుట శాస్త్రమార్గము; తపస్కాలమని వ్రాసినవానిని శిక్షించుట మాత్రము శాస్త్రమార్గము గాదు.

మట్టలు, కొమ్మలు

ఈస్టరునకు ముందటి యాదివారము క్రీస్తు యెరూషలేము పురము ప్రవేశించిన దినము. దీనికిని రెండు పేళ్లు: మట్టలాదివారము, మ్రానికొమ్మల యాదివారము. మత్తయి, మార్కు సువార్తలలో జనులు చెట్లకొమ్మలు దారిఁ బఱచినట్లున్నది. యోహాను సువార్తలో ఖర్జూరపుమట్టలు పట్టి యెదురేఁగినట్లున్నది. పేళ్ల భేదమునకు మూలమిదియే.

మట్ట యను మాట దేశ్యము. తాటిమట్ట, ఈతమట్ట, కొబ్బరిమట్ట అని తాళజాతివృక్షముల యాకుకాఁడకును, దానితోఁ గూడిన యాకునకును వాడుదుము. మట్టల, ఆదివారము అనునపుడు అత్తునకు సంధి బహుళమగుటచే మట్టలాదివారమని సంధి చేయవచ్చును. చేయనిచో యడాగమము వచ్చి మట్టలయాదివారమగును. రెండును సాధువులే.

ఖర్జూరము పాలస్తీనమున వృక్షము. మన తీరమున నాదివార మూరేగింపునకుఁ గొబ్బరియాకో ఈతాకో చేతికి వచ్చును. అనువాదకులు మట్ట యను సామాన్యశబ్దమును గ్రహించినందున నీ మార్పునకు మాట యడ్డు రాలేదు. ఖర్జూరపత్త్రదినమని సంస్కృతసమాసమును గల్పించియుండినచో చేతిలో నొకటి, నోట నొకటి యగును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమునఁ దీరము దాఁటినపుడు ఉద్దానపుఁ గొబ్బరితోఁటలు నేలఁగూలినవి. దూరదేశపు గ్రంథమునందలి మట్ట యిచ్చట నింటికప్పు, నింటి జీవనము. అట్టి సీమలో దానిని చేతఁబట్టి జయధ్వానము చేయుట యెంతటి ధైర్యమో నిఘంటువు చెప్పఁజాలదు.

విశ్వాసము, సంఘము, సహవాసము

ఈ పర్వములకుఁ బ్రాణమైన మాటలు మూఁడు: విశ్వాసము, సంఘము, సహవాసము.

విశ్వాసశబ్దము విపూర్వకమైన శ్వసధాతువునుండి పుట్టినది. శ్వసధాతువునకుఁ బ్రాణనము, అనఁగా నూపిరి విడుచుట యర్థము. భయము లేక తెఱపిగా నూపిరి విడుచువాఁడు విశ్వసించినవాఁడు. భక్తి, శ్రద్ధ యను మాటలు సిద్ధముగా నుండఁగా అనువాదకులు దీనినేల గ్రహించిరి? తెలుఁగున విశ్వాసమునకు రెండు ముఖములు కలవు: నమ్ముట యొకటి, నమ్మినవానియెడ నిలుచుట రెండవది. కుక్కకు విశ్వాసము కలదనునపుడు రెండవ యర్థమే. గ్రీకుమూలమునందలి పిస్తిస్ శబ్దమునకును ఈ రెండర్థములు కలవు. శ్రమదినములలోఁ జదువఁబడు యూదా వృత్తాంతమును మనవారు విశ్వాసఘాతుకమను నొక్కమాటతోఁ జెప్పఁగలరు. శ్రద్ధాశబ్దమున నీ శక్తి లేదు. దీనిపై మత్వర్థీయమైన యినిప్రత్యయము చేరి విశ్వాసి యగును. సంఘసభ్యునికి నేఁడిదియే పేరు.

సంఘశబ్దమును పాణిని గణార్థమున నిపాతించెను. సంపూర్వకమైన హనధాతువు దీనికి మూలము. ఒకదానితో నొకటి గట్టిగాఁ గలియుట భావము. ఈ మండలముననే వంశధారాతీరమున శాలిహుండమునందలి బౌద్ధస్తూపవిహారములు పూర్వమొకమా ఱీ శబ్దమున కాశ్రయములు. క్రైస్తవులు గుడి, మందిరము అను మాటలను కట్టడమునకు, సంఘమను మాటను జనులకు వాడుచున్నారు. గుడి కూలినను సంఘము నిలుచును. ఈ వివేకము చర్చి యను నన్యదేశ్యమున లేదు. అది రెంటికిని సమానమే.

సహవాసమున కొకచోట వసించుట మొదటి యర్థము, స్నేహము రెండవ యర్థము. ఆఱునెలలు సావాసము చేసిన వారు వీరగుదురని సామెత. గ్రీకున కొయినోనియా యను మాటకు ఉమ్మడిగాఁ బంచుకొనుట యర్థము. దానిని అపొస్తలుల కార్యములలోను, యోహాను మొదటి పత్రికలోను సహవాసమని తెలిఁగించిరి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో రొట్టెను, ద్రాక్షారసపాత్రను గూర్చి చెప్పుపట్ల నదే గ్రీకుమాటను పాలుపుచ్చుకొనుట యని తెలిఁగించిరి. మూలమున నొక్క మాట, తెలుఁగున రెండు. కలిసి యుండుటకొకటి, పంచుకొని తినుటకొకటి. ఇది చిక్కని యనువాదము. ప్రభువు బల్ల యని వారనునపుడు బల్లకు లక్షణచే భోజనమర్థము. ఆ బల్లయొద్ద పాలుపొందుటయే సహవాసమునకుఁ దుది. కులభేదముచే నేకపంక్తి దుర్లభమైన కాలమున నీ మాట యెంత బరువు మోసెనో చదువరు లూహింపఁగలరు. “సహవాసములో ఉన్నాము” అను వాక్యమునకు సంఘముతోఁ బొత్తు తెగలేదని యర్థము. అర్థదోషము లేదు.

శుభశుక్రవారమున సిలువపై క్రీస్తు పలికిన యేడుమాటలను గూర్చి పలుసంఘములలో నొక్కొక్క మాట నొక్కొక్కరు వివరింతురు. విశ్వాసమనునది యొంటరి మనస్సులోనిది యని మనము తలఁతుము. ఇచ్చట నది పలువురి నోట విభజింపఁబడి మరల నొకటగును.

పునరుత్థానము

ఉత్పూర్వకమైన స్థాధాతువున సకారమునకుఁ బూర్వసవర్ణము వచ్చి ఉత్థానమగును. కార్తికశుక్లైకాదశికి ఉత్థానైకాదశి యని పేరుండుటచే నీ మాట మనకుఁ బరిచితము. అనువాదకులు పునర్జన్మశబ్దమును విడిచి దీనిని గ్రహించుట గమనింపఁదగినది. పునర్జన్మమన్నచోఁ గర్మవశమున దేహాంతరప్రాప్తి తోఁచును. వారి సిద్ధాంతమున నదే దేహము లేచుట. ఒక్క యుపసర్గము సిద్ధాంతభేదమును గాపాడినది. కోస్తాజిల్లాలలో నానాఁటి తెల్లవాఱుజామున సమాధులను శుభ్రపఱచి, పూలు పెట్టి, దీపములు వెలిగించుట పలుచోట్లఁ గలదు. ఆ చోట నా మాట పండితశబ్దము గాదు. తల్లిని బాతిపెట్టినవాని యాశ.

ఈ మాటలు వచ్చిన త్రోవ

1805లో లండను మిషనువారు విశాఖపట్టణమునఁ జేరి తెలుఁగనువాదమునకుఁ బూనిరి. దే గ్రాంజి దొరకు ఆనందరాయఁడను బ్రాహ్మణుఁడు సహాయుఁడు. మూఁడు సువార్తలు 1812లో శ్రీరామపురమున నచ్చయ్యెను. ప్రిచ్చెట్టు దొర క్రొత్తనిబంధన 1818లో మదరాసున వెలువడెను. పర్లాకిమిడి సీమకుఁ జెందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) 1833లో కటకమున బాప్తిస్మము పొంది, కీర్తనలు రచించి, యీ పరిభాషను పాటగా మార్చెను. అతని కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున నేఁటికిని బాడఁబడుచున్నవి. పిమ్మట కెనడా బాప్టిస్టు మిషను 1874లో కాకినాడయందు మొదలై టెక్కలి, సోంపేటలవఱకు వ్యాపించినది. కతోలికులకు 1993లో శ్రీకాకుళము ప్రత్యేకమేత్రాసన మైనది. కనుక నీ మాటలు దొరలు తెచ్చినవని త్రోసివేయుట చరిత్రవిరుద్ధము. భావము వెలుపలిది, దానిని మోసిన ధాతువులు, ఉపసర్గములు, దేశ్యములు మనవి, కూర్చినవారిలో నీ తీరపుఁ బండితులును గలరు.

కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోయినట్లు శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడని భాష్యకారుఁడు చెప్పెను. లోకము పలుకును, శాస్త్రము దాని వెనుక నడచి నియమమును గనుఁగొనును. ఇరువది దశాబ్దములకుఁ బైఁగా ఒక జనసమూహము పెండ్లిలోను, చావులోను, పండుగలోను నర్థభేదము లేక పలికిన మాటకుఁ గావ్యప్రయోగము లేదని నిఘంటువునఁ జోటీయకుండుట న్యాయము గాదు. కావున నుపాధ్యాయునకు విధి యిది: ఇట్టి మాట బాలుని వ్రాఁతలోఁ గనఁబడినపుడు ఎఱ్ఱసిరాను ప్రక్కనుంచి, మీవా రీ మాటను దేనికి వాడుదురని ముందు వానినడుగవలెను. ఉత్తరము విన్నపిదప ధాతువును వెదకవలెను. పెక్కుమాఱులు ధాతువు బాలుని పక్షముననే సాక్ష్యము చెప్పును.