కేస్‌షీటులో కులానికి చోటేది?

గత వేసవిలో ముత్తుకూరు మండలంలో, కృష్ణపట్నం రేవుకు పోయే దారి పక్కనున్న ఒక ఎస్టీ కాలనీలో, వేపచెట్టు కింద కూర్చుని నా పరిశోధన ఫారాలు నింపుకుంటున్నాను. క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నవారు ఎవరైనా మొదట పాల్గొనేవారి సామాజిక ఆర్థిక స్థాయిని నమోదు చేయాలి. పల్లెల కోసం ఉదయ్ పరీక్, త్రివేది 1964లో రూపొందించిన కొలమానం ఒకటుంది. అందులో తొమ్మిది అంశాలు, మొదటిది కులం. షెడ్యూల్డ్ కులానికి ఒక మార్కు, ఆపై మెట్టు మెట్టుగా పెరుగుతూ వ్యవసాయ కులానికి నాలుగు, ప్రతిష్ఠ గల కులానికి ఐదు, ఆధిపత్య కులానికి ఆరు. యానాదులను ఏ గడిలో వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మేమూ ఒకటిలోనే వేశాం.

ఎదురుగా కూర్చున్న అవ్వ అడిగింది: “ఏంది పాపా రాసుకుంటుండావు?”

చెప్పాను.

“మాకెన్ని మార్కులేశావు?”

“ఒకటి, అవ్వా.”

“మరి మీకో?”

“మాకూ ఒకటే.”

ఆమె పెద్దగా నవ్వింది. నేను తల వంచుకుని తర్వాతి గడికి వెళ్లాను.

మాది ఇదే మండలంలోని ఒక అరుంధతీవాడ. మా నాన్న నేలటూరు థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టేటప్పుడు కాంట్రాక్టు కూలీగా పనిచేశాడు. ఆ కేంద్రానికి దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టారు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన ఆయన ఈ దేశంలోనే ఆ పదవిని చేపట్టిన తొలి దళితుడు. చదువు రాని మా నాన్న ఆ బోర్డు మీది పేరును మాత్రం అక్షరాల ఆకారాన్ని బట్టి గుర్తుపట్టేవాడు.

పరీక్ కొలమానాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పల్లెలో కులమంటే అధికారమని, ఆధిపత్య కులమనేది ఒకటుందని అది దాపరికం లేకుండా ఒప్పుకుంటుంది. నా ఫిర్యాదు అవతలి గది గురించి. పరిశోధనలో మొదటి ప్రశ్నగా నిలిచిన కులం, రోగి ఎదురుగా కూర్చున్న గదిలోకి వచ్చేసరికి ఏమైపోతున్నది?

ఈ చదువు నడిచే తీరు బయటివారికి అంతగా తెలియదు గనుక కొంత చెప్పాలి. సైకాలజీలో పీహెచ్‌డీ పట్టా ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. 1992 నాటి చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన క్లినికల్ శిక్షణ పొంది, దాని రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. బెంగళూరులో 1954లో మొదలై తర్వాత నిమ్‌హాన్స్‌లో కలిసిపోయిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థలో ఈ తరహా శిక్షణకు పునాది పడింది. నిన్నమొన్నటి దాకా దానికి ప్రధాన మార్గం రెండేళ్ల ఎం.ఫిల్. యూజీసీ 2022 నిబంధనలు ఎం.ఫిల్‌ను ఎత్తివేశాయి, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చారు. ఇకపై ఈ దారి ఎన్నేళ్లదై, ఎంత ఖర్చుదై ఉంటుందో మా వంటి ఇళ్లవాళ్లు వేళ్ల మీద లెక్కవేసుకుంటున్నారు.

రెండేళ్ల పాటు ఆసుపత్రి వార్డులే తరగతి గదులు. రోగి చరిత్ర రాయాలి, మానసిక స్థితి పరీక్ష చేయాలి, పరీక్షాపత్రాలు పెట్టాలి, సీనియర్ల ముందు కేసును వినిపించాలి. శిక్షణార్థి రాసిన నివేదిక దానంతటదిగా చెల్లదు. పర్యవేక్షకుల సంతకం పడాలి. లాగ్‌బుక్కులో ప్రతి కేసుకూ ఆ సంతకమే ప్రాణం. చివరి వైవాలో కూర్చునేదీ అలాంటి పెద్దలే. ఒక మనిషి మాటను మరో మనిషి ఎలా వినాలో నేర్పే ఈ విద్యలో, సరిగ్గా విన్నావా లేదా అని తేల్చేది ఆ సంతకం.

నా శిక్షణ కాలంలో ఒక కేసు నా చేతికి వచ్చింది. మనిషి ఆనవాలు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. నలభై ఏళ్ల యానాది. రొయ్యల చెరువు కట్ట మీద గుడిసెలో ఉంటూ రాత్రి కాపలా కాస్తాడు. నిద్ర లేదు, పనిమీద ధ్యాస లేదు, ఎవరో వెంట పడుతున్నారంటాడు. మాట తీరు మా తీరానిదే గనుక ఆ కేసును నాకు అప్పగించారు. వెంట వచ్చినది చెరువు యజమాని. కేస్‌షీటులో సమాచారం ఇచ్చినవారి గురించి ఒక వాక్యం రాయడం ఆనవాయితీ. “సమాచారం నమ్మదగినది, సరిపడినంత ఉన్నది” అని రాశాను. ఆ యజమాని దగ్గరే అతనికి తీరని అప్పు ఉన్నదని, ఆ అప్పు తీరేదాకా కట్ట దిగడానికి లేదని నాకు మూడో రోజున తెలిసింది. వెంట పడుతున్నారన్నది భ్రమా, నిజమా అన్న ప్రశ్నకు జవాబిచ్చే మనిషినే నేను నమ్మదగిన సాక్షిగా రాసుకున్నాను.

తర్వాత మానసిక స్థితి పరీక్ష. సామెతకు అర్థం చెప్పించి అమూర్త ఆలోచనను అంచనా వేస్తారు. “ఇంట గెలిచి రచ్చ గెలవమంటే ఏమిటి?” అన్నాను. “ఇల్లుంటే గదమ్మా గెలిచేది” అన్నాడు. ఆలోచన స్థూలస్థాయిలో ఉన్నదని రాశాను. సాధారణ జ్ఞానం: ప్రధానమంత్రి పేరు చెప్పలేకపోయాడు. లోపించిందని రాశాను. అదే మనిషి అంతకు ముందు, అమావాస్య ఎన్నాళ్లుందో చెబితే చాలు, కాలవలోకి పోటు ఏ వేళకు ఎక్కుతుందో, పాటు ఏ వేళకు తీస్తుందో నాకు వివరించాడు. దానికి నా షీటులో గడి లేదు.

ఆఖరున తీర్పును పరీక్షించే ప్రశ్న. ఇది ఈ విద్యలో అందరికీ తెలిసినదే. “దారిలో ఒక కవరు పడి ఉంది. అడ్రసు రాసుంది, స్టాంపు అంటించి ఉంది. నువ్వేం చేస్తావు?” పోస్టు డబ్బాలో వేస్తాననాలి. అది సరైన జవాబు.

“ముట్టుకోను.”

“ఎందుకు?”

“యానాదోడు తీసినాడంటారు గదమ్మా.”

“తీర్పు: లోపించింది” అని రాసి పేజీ తిప్పాను. ఆ రాతను ఈ రోజుకీ నేను మరిచిపోలేదు. రాసింది ఏ ఆధిపత్య కులపు అమ్మాయో కాదు, ఒకటో నంబరు గడిలోంచి వచ్చిన నేనే. చదువు అంత చక్కగా నా చేతిలో పనిచేసింది.

నెల్లూరు జిల్లా తీరానికి యానాదులు కొత్తవారు కారు. 2011 జనగణన ప్రకారం రాష్ట్రంలో వారు ఐదు లక్షల పైచిలుకు. వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా వారి మధ్య పనిచేసి 1962లో వారిపై గ్రంథమే రాశారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికి పాకినప్పుడు యానాదుల్లో కొందరికీ ఆ ముద్ర అంటింది. ఇదే జిల్లాలో కావలిలోనూ కప్పరాళ్లతిప్పలోనూ అలా ముద్రపడిన కుటుంబాల కోసం సెటిల్‌మెంట్లు నడిచాయి. హాజరు వేయించుకోకుండా ఊరు దాటడం నేరమైన కాలం అది. చట్టం పోయింది. చెరువులో రొయ్యలు తగ్గితే మొదట ఎవరి గుడిసె వెతుకుతారో మా ప్రాంతంలో అడిగి చూడండి. ఆ మనిషి కవరును ముట్టుకోననడం తన ఊరి గురించి అతను ఇచ్చిన కచ్చితమైన తీర్పు. ముట్టుకుని పోస్టు డబ్బా దాకా నడిస్తే అతని ప్రాణానికే ముప్పు.

ఈ సంగతి నాకు రెండు రాత్రుల తర్వాత తట్టింది. కేసు చర్చలో లేచి, ఆ వాక్యం మార్చాలని, యజమాని సమాచారాన్ని మళ్లీ పరిశీలించాలని, అతని భయంలో ఎంత జబ్బో ఎంత అనుభవమో విడదీసి చూడాలని అన్నాను. పెద్దలు ఒకరు మృదువుగానే చెప్పారు: “నువ్వు రోగితో మమేకమైపోతున్నావమ్మా. నీ సొంత విషయాలు కేసులోకి తేకు.” దీనికి మా శాస్త్రంలో కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ అని పేరు. చికిత్సకుల గతం చికిత్సలోకి చొరబడటం. నిజమైన భావనే, పనికివచ్చే భావనే. అయితే అదే చర్చలో, సొంతంగా రొయ్యల చెరువులున్న ఇంటి నుంచి వచ్చిన నా సహ విద్యార్థి, ఆ యజమాని కూలీని ఆసుపత్రి దాకా తెచ్చాడంటే ఎంత మంచివాడో అని మెచ్చుకున్నప్పుడు అది మమేకమని ఎవరూ అనలేదు. ఒకరి గతానికి జబ్బు పేరు, మరొకరి గతానికి ఇంగితం అని పేరు!

ఇది ఒక ఆసుపత్రి దోషమనో, ఒక పెద్దమనిషి దోషమనో నేను అనుకోవడం లేదు. పాఠ్యమే అలా ఉంది. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5లో రోగి సంస్కృతిని తెలుసుకోవడానికి 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఉంది. మేం దాన్ని శ్రద్ధగా చదువుతాం. కులం అన్న మాట ఆ ప్రశ్నల్లో లేదు. అక్కడివారు రాసుకున్నదానిలో ఎందుకుంటుంది? కనీసం వారు తమ ఇంటి తగాదాను తాము పోరాడారు. 1968లోనే నల్లజాతి మనోవిజ్ఞానులు విడిగా తమ సంఘం పెట్టుకున్నారు. తెలివితేటల పరీక్ష మార్కులు చూపి నల్లజాతి పిల్లలను మందబుద్ధుల తరగతుల్లోకి నెట్టడంపై కాలిఫోర్నియాలో తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, లారీ పి. కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో 1979లో న్యాయమూర్తి ఆ వాడకాన్ని ఆపించారు. మనం భాటియా పరీక్షామాల, బినే-కామత్ పరీక్ష, మాలిన్ స్కేలు అంటూ పాతవాటినే తిప్పుతున్నాం. వాటి మార్కుతోనే వైకల్య ధ్రువపత్రం, దానితోనే పింఛను ముడిపడి ఉన్నాయి. కట్ట మీద పెరిగిన బిడ్డకు ఆ ప్రశ్నలు ఎంతవరకు న్యాయం చేస్తాయన్న చర్చ నా తరగతి గదిలో ఒక్కసారీ రాలేదు.

చట్టానికి ఈ పాటి తెలుసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సామాజిక ఆర్థిక హోదాను బట్టి ఒక మనిషిని మానసిక రోగిగా నిర్ధారించరాదని మూడో సెక్షనులో, కులాన్ని బట్టి చికిత్సలో వివక్ష చూపరాదని పద్దెనిమిదో సెక్షనులో చెప్పింది. ఆ సెక్షన్లను మేం పరీక్ష కోసం కంఠస్థం చేశాం. వైద్యవిద్యలో ఏం జరుగుతుందో 2007లోనే థోరట్ కమిటీ ఎయిమ్స్ గురించి రాసింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఇంటర్నల్ మార్కుల్లో, వైవాల్లో తమకు ఎదురవుతున్నదాన్ని ఆ కమిటీకి చెప్పుకున్నారు. సంతకం మీదే భవిష్యత్తు నడిచే మా విద్యలో ఎవరు నోరు తెరుస్తారు?

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2008లో సెంథిల్ కుమార్, 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించారు. ఇద్దరూ పరిశోధక విద్యార్థులే. ఇలాంటి ప్రతి మరణం తర్వాత వినిపించే మాట కౌన్సెలింగ్. విశాఖపట్నంలో ఒక నీట్ కోచింగ్ విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో నియమించాలని ఆదేశించింది. మంచిదే, నాకూ ఉద్యోగం దొరకవచ్చు. కానీ ఆ కుర్చీలో కూర్చునే మనిషి, తనను హాస్టల్ గదిలో ఎవరూ కలుపుకోవడం లేదని చెప్పే కుర్రవాడితో “ఇది నీ ఆలోచనా ధోరణిలో లోపం” అని అనేట్టయితే ఆ కుర్చీ ఉన్నా లేకున్నా ఒకటే. అలా అనడానికి కావలసిన తర్ఫీదంతా మాకు ఇస్తున్నారు.

మా ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. రొయ్యకు తెల్లమచ్చ తెగులు తగిలితే ఎవరిని అడగాలో ఇక్కడ ప్రతి రైతుకూ తెలుసు. ఆ రొయ్యకు రాత్రంతా కాపలా కాసేవాడికి నిద్ర పట్టకపోతే మండలం దాటి పోవాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలోని నాలుగు జిల్లాల్లో మొదలైతే అందులో మన మెదక్ ఒకటి. 2015-16లో నిమ్‌హాన్స్ చేసిన జాతీయ సర్వే పన్నెండు రాష్ట్రాల్లో జరిగింది. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో లేవు. శిక్షణార్థులను కొన్ని నెలల పాటు ఇటువంటి మండల ఆసుపత్రుల్లో ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సమాచారం ఇచ్చినవారికీ రోగికీ మధ్య అప్పు, కూలి, కులం సంబంధమేమిటని కేస్‌షీటులో ఒక వరుస చేర్చడానికి అసలు ఖర్చే లేదు. పర్యవేక్షణలో రోగి కులం గురించీ, శిక్షణార్థి కులం గురించీ, పర్యవేక్షకుల కులం గురించీ కూడా మాట్లాడటం తప్పనిసరి చేయాలంటే మాత్రం కొంత ధైర్యం కావాలి. ఆర్‌సీఐ కొత్త పాఠ్యక్రమాలు ఎలాగూ కుదుటపడాల్సిన సమయమిది.

ఆ మనిషి రెండోసారి చూపించుకోవడానికి రాలేదు. అది రొయ్యల పట్టుబడి కాలం. “ఫాలోఅప్‌కు రాలేదు” అని రిజిస్టరులో రాశారు. అతని ఫైలు మూసేముందు నేను ఒక అదనపు కాగితం రాసి చేర్చాను. కవరు గురించి అతను చెప్పిన మాటను అతని మాటల్లోనే రాసి, తీర్పు లోపించిందన్న నా పరిశీలనను ఉపసంహరించుకుంటున్నానని కింద సంతకం చేశాను. దాని పక్కన పర్యవేక్షకుల సంతకానికి చోటు వదిలాను. నేను ఆ ఆసుపత్రి విడిచి వచ్చేనాటికి అది ఖాళీగానే ఉంది.