లారీలను నడుపు వాయువు

గిద్దలూరు, కంభము, మార్కాపురముల మీదుగా రేయింబవళ్లు సాగిపోవుచుండు లారీలలో నధికభాగము డీజిలుచే నడచుచున్నవి. మన పలకలు, మిరపకాయలు, ధాన్యము పరస్థలములకు పోవుటకును, ఉప్పు మొదలు సిమెంటు వరకు గల సరకులు మన యంగళ్లకు వచ్చుటకును ఆ నూనెయే యాధారము. దాని వెల పెరిగినచో ప్రతి వస్తువు వెలయు పెరుగును. నూనెకు బదులు వాయువుతో బండ్లు నడుపవచ్చునా? నడిపినచో లాభమేమి, చిక్కులేమి? ఆ వాయువును మన మెట్టసీమలోనే పుట్టింపవచ్చునా? ఈ ప్రశ్నలిప్పుడు మన ముంగిటికి వచ్చినవి. ఏలయన, 2025 ఏప్రిల్ 2వ తేదీన కనిగిరి ప్రాంతమందలి దివాకరపల్లెలో గడ్డినుండి ఇట్టి వాయువును తీయు కర్మాగారమునకు రిలయన్సు సంస్థ పక్షమున శంకుస్థాపన జరిగినది. కావున ఈ విషయమును విద్యార్థులకు మొదటినుండి వివరింప దలచితిమి.

వాయువుతో బండి నడుచుట క్రొత్త వింత గాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరవైనప్పుడు మన దేశమున బొగ్గు బస్సులు నడచినవి. బస్సు వెనుక కొలిమివంటి యొక పీపాను అమర్చి, అందు బొగ్గును చాలీచాలని గాలిలో మండించెడివారు. గాలి చాలనందున బొగ్గు పూర్తిగా మండక, మండుటకు యోగ్యమైన యొక వాయువుగా మారెడిది. దానిని చల్లార్చి, వడగట్టి ఇంజనులోనికి పంపెడివారు. అయితే అందు సగమునకు సగము మండని నత్రజని యుండుటచే దాని బలము స్వల్పము. యుద్ధము ముగిసి పెట్రోలు తిరిగి దొరకుటతో ఆ బస్సులు మరుగుపడినవి. కాని అవి మనకొక సత్యమును తెలిపిపోయినవి: ఇంజనునకు కావలసినది ద్రవము గాదు; గాలితో కలిసి మండునట్టి పదార్థము. పెట్రోలు సైతము ఆవిరియై గాలితో కలిసిన పిదపనే మండును గదా!

ఇప్పుడు వాడుకలోనున్న సహజవాయువులో ముఖ్యభాగము మీథేను. ఒక కర్బన పరమాణువునకు నాలుగు ఉదజని పరమాణువులు చేరిన పదార్థమిది. దీనికి రంగు లేదు, వాసన లేదు. గాలికంటె ఇంచుమించు సగము బరువు మాత్రమే కలది. పూర్వయుగములందు మట్టిక్రింద కప్పబడిన జీవరాసుల శిథిలములు భూగర్భపు వేడిమికిని ఒత్తిడికిని లోనై దీనిగా మారినవి. మన తెలుగునేలలో కృష్ణా గోదావరీ నదుల ముఖద్వారముల యందును, వాని కెదురుగా సముద్రగర్భమునందును ఈ వాయువు విశేషముగా కలదు. అచ్చటి లోతు నీటిలోని డి-6 అను క్షేత్రమున 2002లో వాయువు కనుగొనబడి, 2009 ఏప్రిలులో పైకి తీయబడ నారంభించెను.

వాయువునకు స్థలమెక్కువ కావలెను. సాధారణ స్థితిలో ఒక కిలో మీథేను సుమారు ఒకటిన్నర ఘనమీటరుల చోటు నాక్రమించును. అంత చోటు ఏ బండిలోను ఉండదు. అందువలన దానిని వాతావరణ పీడనమునకు సుమారు 200 రెట్ల ఒత్తిడితో ఉక్కు సిలిండరులలో బిగింతురు. సి.ఎన్.జి. యని మనము బంకులయందు చూచు మాట కర్థమిదియే, అనగా బిగించిన సహజవాయువు. బండి నడచునపుడు ఒక యంత్రభాగము ఆ ఒత్తిడిని తగ్గించి, వాయువును గాలితో తగుపాళ్లలో కలిపి ఇంజనునకు అందించును. అచ్చట స్పార్కు ప్లగ్గు నుండి వెడలిన నిప్పురవ్వ దానిని మండించును.

పెట్రోలు కారు ఈ మార్పునకు సులభముగా లోబడును. దానియందు స్పార్కు ప్లగ్గు ముందే యున్నది. డీజిలు లారీ అట్లుగాదు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ యుండదు. గాలిని గట్టిగా నొక్కినపుడు పుట్టు వేడిమికే నూనె అంటుకొనును. మీథేను అంత సులభముగా అంటుకొనదు. అది తనంతట మండుటకు 500 డిగ్రీలకు మించిన వేడిమి కావలెను. కావున లారీ ఇంజనును వాయువున కనువుగా మార్చి ప్లగ్గులు పెట్టవలెను, లేదా కొద్ది డీజిలుతో నిప్పంటించి తక్కిన బలమును వాయువునుండి పొందవలెను. ఇది నేర్పుగల యంత్రశాలలలో చేయవలసిన పని. దారిప్రక్క మరమ్మతు కాదు.

ఇక లాభముల మాట. మీథేను శుభ్రముగా మండును. మసి మిక్కిలి స్వల్పము. ఇందుకు ఢిల్లీ నగరమే సాక్షి. అచ్చటి గాలి చెడుటను విచారించిన సుప్రీంకోర్టు 1998 జూలై 28న నగరపు బస్సులన్నియు సహజవాయువుతోనే నడువవలెనని యాజ్ఞాపించెను. మొదట బంకులు చాలక, బారులు తీరి, జనులు మిగుల నిక్కట్లు పడిరి. అయినను 2002 ముగియునప్పటికి అచ్చటి డీజిలు సిటీబస్సులు తొలగి వాయువు బస్సులు వచ్చెను. వాయువు మండినపుడు వెలువడు బొగ్గుపులుసుగాలి సయితము, అంతే వేడిమి నిచ్చు డీజిలునుండి వెలువడుదానికంటె సుమారు నాలుగవవంతు తక్కువ. కాని మండక ముందే కారిపోయిన మీథేను మాత్రము భూమిని వేడిచేయుటలో బొగ్గుపులుసుగాలికి పాతికరెట్లు మించినది. కావున కారుచున్న గొట్టములతో వాడినచో ఈ లాభము మిగులదు.

కష్టములలో మొదటిది దూరము. బిగించిన తరువాత కూడ ఈ వాయువు, అంతే బలమునిచ్చు డీజిలుకంటె సుమారు నాలుగురెట్లు చోటు గొనును. పైగా గట్టి సిలిండరుల బరువొకటి. నగరములో తిరుగు బస్సునకును ఆటోకును ఇది యంత బాధ గాదు. ప్రతిదినము బంకు చేరువలోనే యుండును. గిద్దలూరునుండి నల్లమల కనుమనెక్కి నంద్యాలకు పోవు బరువులారీ సంగతి వేరు. అడవి నడుమ వాయువు తీరినచో డబ్బాతో తెచ్చి పోయుటకు అది నూనె గాదు. దూరప్రయాణపు లారీలకై వాయువును సున్నకు దిగువ 162 డిగ్రీల వరకు చల్లబరచి ద్రవముగా మార్చు పద్ధతి కలదు. అప్పుడది 600వ వంతు చోటులో నిముడును. కాని అంత చల్లదనమును నిలుపు తొట్లకు వ్యయ మధికము.

రెండవది ప్రమాదము. 1995 జనవరిలో పాశర్లపూడి యొద్ద బావినుండి ఎగసిన మంట రెండుమాసములకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరము గ్రామమున గొట్టపుమార్గమునుండి కారిన వాయువు అంటుకొని 20 మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. శక్తినిచ్చు ప్రతి వస్తువును జాగ్రత్తను కోరునని ఈ గ్రామముల వారికి మనము చెప్పనక్కరలేదు. వాసనలేని ఈ వాయువునకు ఘాటైన వాసనగల యొక ద్రవ్యమును కలుపుట, కారినపుడు మనుష్యులు పసిగట్టుటకే. బండి సిలిండరును మూడేండ్లకొకమారు పరీక్ష చేయింపవలెనను నిబంధనయు ఇందుకే.

ఇచ్చట ఒక హెచ్చరిక తప్పదు. వంటయింటి సిలిండరులోనిది సహజవాయువు గాదు. అది ప్రొపేను, బ్యూటేను అను వేరు వాయువులు కలిసి కొద్ది ఒత్తిడికే ద్రవమైన పదార్థము. మీథేను కారినచో పైకి పోవును. వంటవాయువు గాలికంటె బరువగుటచే నేలబారుగా ప్రాకి గుంటలయందు నిలుచును. దానిని రబ్బరుగొట్టముతో ఆటోలోనికి ఎక్కించు దొంగపద్ధతి చట్టవిరుద్ధమే గాక ప్రాణాంతకము. ఆ బండిలో పాఠశాలకు వచ్చునది మన పిల్లలే యని తలిదండ్రులు మరువరాదు.

ఇక మన సీమలో వాయువును పుట్టించు మాట. భూగర్భమున పుట్టిన మీథేనే చెరువు బురదలోను, పేడకుప్పలోను పుట్టుచున్నది. గాలి సోకని తావున పచ్చిగడ్డి, పేడ, కుళ్లిన కూరగాయలు మ్రగ్గినపుడు సూక్ష్మజీవులు వానిని విడగొట్టి వాయువును వెలువరించును. బొంబాయిలోని మాతుంగాయందలి కుష్ఠురోగుల ఆశ్రమమున 1897లోనే ఇట్టి వాయువుతో దీపములు వెలిగించిరి. పల్లెలయందలి గోబరుగ్యాసు తొట్లు దీని సంతతియే. ఈ వాయువులో మీథేను సగమునకు కొంచెము పైగా నుండును. తక్కినది చాలభాగము బొగ్గుపులుసుగాలి. ఆ గాలిని, గంధకపు వాయువును తొలగించి మిగిలినదానిని బిగించినచో, అది సముద్రగర్భమునుండి తీసిన వాయువుతో సమానముగా బండ్లను నడుపును. ఈ పరిశ్రమను ప్రోత్సహించుటకు భారత ప్రభుత్వము 2018 అక్టోబరు 1న ఒక పథకము నారంభించెను. ఆంధ్రప్రదేశమున ఇట్టి కర్మాగారములు 500 స్థాపించుటకు, 65,000 కోట్ల రూపాయల పెట్టుబడితో, 2024 నవంబరులో ఒడంబడిక జరిగినది. దివాకరపల్లెలోనిది వానికి నాంది. బీడుభూములలో నేపియరు గడ్డిని పెంచి దానినుండి వాయువును తీయుట అచ్చటి సంకల్పము.

వినుటకిది యింపుగా నున్నది. అయినను లెక్క వేసి చూడనిదే ఏ సంగతియు తెలియదు. ఒక పశువు దినమునకు పది కిలోల పేడ వేయుననుకొందము. కిలో పేడకు ఘనమీటరులో నూరింట నాలుగు పాళ్ల వాయువు పుట్టినచో, పది కిలోలకు ఘనమీటరులో నూరింట నలువది పాళ్లు. అందు మీథేను సగమునకు కొంచెము పైగా. దాని తూకము కిలోలో ఆరవ యేడవ వంతు. అనగా ఒక కిలో మీథేనునకు ఆరేడు పశువుల ఒకదినపు పేడ కావలెను. బరువులారీ కిలోకు నాలుగు కిలోమీటరులు నడచునని తలచినచో, 150 కిలోమీటరుల పయనమునకు సుమారు 38 కిలోలు పట్టును. తేలినదేమన, మన లారీ గుంటూరు ఒక్కమారు చేరుటకే 250 పశువుల ఒకదినపు పేడ వ్యయమగును! వంటయింటి పొయ్యికి చాలిన పేడ లారీకి చాలదు. గడ్డిని పైరువలె పెంచవలసిన అవసరము ఇందుచేతనే కలిగినది.

గడ్డి పెంచుటకు భూమి మాత్రమే చాలునా? నేపియరు ఏడాదికి పలుమారులు కోతకు వచ్చు గడ్డి. అన్ని కోతలు రావలెనన్న అన్ని తడులు కావలెను. మన సీమకు భూమి కొరత లేదు. నీటి కొరతయే యున్నది. కనిగిరి ప్రాంతమున లోతుబావుల నీటిలో ఫ్లోరైడు చేరి పండ్లను ఎముకలను చెరచుట యందరెరిగినదే. త్రాగునీటికై కడవలు బారులు తీరు గ్రామములయందు బోరునీటిని గడ్డికి పారించినచో మన యూళ్లు లారీలకు నీరు త్రాపినట్లగును. అట్లుగాక వానకాలపు నీటితోను, ఊరి మురుగును శుద్ధిచేసిన నీటితోను గడ్డిని పెంచి, చొప్పను, చెత్తను, పేడను దానికి తోడుచేసినచో, బీడు పచ్చనగును. కూలివారికి పని దొరకును. వాయువు తీసిన పిదప మిగులు మడ్డి యెరువై చేలకు తిరిగి చేరును. ఒకే కర్మాగారము వరమగుటయు భారమగుటయు నీటి లెక్కపై ఆధారపడియున్నది.

కావున వాయువే సర్వరోగనివారిణి యనియు, అది వట్టి మాయ యనియు పలుకు ఇరువురి మాటను విద్యార్థులు త్రోసిపుచ్చవలెను. నగరపు బస్సులకును ఆటోలకును ఇది ఇప్పటికే అక్కరకు వచ్చినది. కనుమలు దాటు లారీలకు దారిపొడుగున బంకులు వెలసినకొలది అక్కరకు వచ్చును. మన మెట్టలో పుట్టు వాయువు విషయమై మాత్రము అడుగవలసిన ప్రశ్నలు మూడు: గడ్డికి నీరెచ్చటిది? మడ్డి యెవరి చేనికి చేరును? కారిపోవు వాయువును కనిపెట్టుచుండు వారెవరు? గ్రామసభలో ఈ మూడింటిని మర్యాదగా అడిగి, వచ్చిన యుత్తరమును పలకమీద లెక్కవేసి చూడగల బాలుడును బాలికయు మన సీమకు కావలెను.