అన్నవాహికకూ వెన్నెముకకూ ఏమిటి సంబంధం?

పిల్లలూ! మనం మింగిన ముద్ద గొంతు నుంచి కడుపులోకి ఒక గొట్టం గుండా పోతుంది. దాని పేరు అన్నవాహిక. దానికి ముందువైపున గాలిగొట్టం, వెనకవైపున వెన్నెముక ఉన్నవి.

కొందరు శిశువులకు పుట్టుకతోనే అన్నవాహిక మధ్యలో తెగి ఉంటుంది. పైముక్క సంచిలాగా మూసుకుపోతుంది. కిందిముక్క చాలామందిలో గాలిగొట్టానికి అతుక్కుని ఉంటుంది. అటువంటి బిడ్డ పాలు తాగితే అవి కడుపుకు చేరవు. సుమారు మూడు నాలుగు వేల మందిలో ఒకరు ఇలా పుడతారు.

పూర్వం వీరు దాదాపు ఎవరూ బ్రతికేవారు కారు. 1941లో అమెరికాలోని ఆన్ ఆర్బర్ నగరంలో కామెరాన్ హైట్ అనే వైద్యుడు ఒక ఆడశిశువుకు ఆపరేషన్ చేసి, రెండు ముక్కలనూ కలిపి కుట్టాడు. ఆ బిడ్డ బ్రతికింది. ఈనాడు తగిన వసతులున్న ఆసుపత్రులలో ఇటువంటి బిడ్డలు చాలామంది బ్రతికి, బడికి పోతున్నారు.

అయితే వీరిలో కొందరికి, ఎదిగేటప్పుడు వెన్నెముక పక్కకు వంగుతుంది. దీనినే స్కోలియోసిస్ అంటారు. అన్నవాహిక బాగుపడిన తరవాత వెన్ను ఎందుకు వంగాలి?

ఇందుకు రెండు కారణాలున్నవి. అన్నవాహికా, వెన్నుపూసలూ తల్లి కడుపులో మొదటి రెండు నెలలలోనే ఏర్పడతవి. ఆ రోజులలో జరిగిన లోపం ఒక్కొక్కప్పుడు రెంటికీ తగులుతుంది. ఒక వెన్నుపూస సగమే తయారయిందనుకోండి. ఒక పక్క అరిగిపోయిన ఇటుకను మధ్యలో పెట్టి కట్టిన స్తంభం లాగా, వెన్ను ఒరుగుతుంది.

రెండవ కారణం ఆపరేషనే. వైద్యులు సాధారణంగా కుడివైపు పక్కటెముకల మధ్య కోసి లోపలికి పోతారు. గాయం మానేటప్పుడు రెండు ఎముకలు అతుక్కుంటే, ఆ పక్క సరిగా ఎదగదు. అందుకే ఇప్పుడు వీలైనచోట కండరాలను కోయకుండా పక్కకు తప్పిస్తారు; లేదా చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి పని ముగిస్తారు.

ఈ వంపు తరచు నొప్పి పెట్టదు. పిల్లలు తొందరగా పొడుగెదిగే వయసులో ఇది కూడా తొందరగా పెరుగుతుంది. దీనిని కనిపెట్టటానికి ఒక సులువైన పద్ధతి ఉన్నది. బిడ్డను, మోకాళ్లు వంచకుండా, చేతులు కిందికి వేలాడవేసి ముందుకు వంగమనాలి. వెనక నిలబడి చూస్తే, వీపు ఒక పక్క ఎత్తుగా కనిపించవచ్చు. అప్పుడు వైద్యుడు ఎక్స్‌రే తీసి కోణం కొలుస్తాడు. వంపు 10 డిగ్రీలైనా ఉంటే అది స్కోలియోసిస్. చిన్న వంపును గమనిస్తూ ఉంటే చాలు. పెద్దదైతే నడుముకు గట్టి కవచం తొడుగుతారు. ఇంకా ముదిరితే ఆపరేషన్ చేస్తారు.

అందుచేత, పసితనంలో ఈ ఆపరేషన్ అయిన పిల్లలకు, ఎదుగుదల ఆగేదాకా తలిదండ్రులు వెన్ను పరీక్ష చేయిస్తూ ఉండాలి.

పిల్లలూ, మీ తరగతిలో ఎవరికైనా ఒక భుజం ఎత్తుగా ఉంటే వాళ్లను గూనివాళ్లని వెక్కిరించకండి. ఈ వంపు సరిగా కూర్చోకపోవటం వల్ల వచ్చినది కాదు.