పాత పిడికి కొత్త కుంచె

లండనులోని పోర్టోబెల్లో వీథిలో శనివారమునాడు సాగు పాతవస్తువుల సంతలో గాని, ఇంగ్లండు అమెరికాల చిన్న పట్టణములలోని పాతవస్తువుల అంగళ్లలో గాని, తుప్పుపట్టిన తాళములకును బీటవారిన పింగాణి పళ్లెములకును నడుమ ఒక్కొక్కప్పుడు క్షౌరపు కుంచె యొకటి కనబడును. పిడి పసుపువన్నె తిరిగి యుండును. వెండ్రుకలు సగము రాలిపోయి, మిగిలినవి ఏనాటి సబ్బుతోనో గడ్డకట్టి యుండును. పదిమందిలో తొమ్మండుగురు దానిని తాకకయే పోవుదురు. పదవవాడు చేతికి తీసికొని, పిడి అడుగున చెక్కిన పేరును వెలుతురున పెట్టి చదువ యత్నించి, వెల యడుగును. ఒకసారి వాడి పారవేయు సామగ్రితో విసిగి, తాతలనాటి క్షౌరపు పరికరములను వెదకి తెచ్చి బాగుచేసి వాడుకొనువారు ఇటీవల పెరిగినారు.

ఈ పనికి పూనుకొనువాడు మొదట తేల్చుకొనవలసినది, కుంచెలో దేనిని నిలుపుకొనవలెను, దేనిని విడువవలెను అనునది. కుంచె యనగా రెండు వస్తువుల కూడిక. ఒకటి పిడి. రెండవది, పిడి తలలోని గుంటయందు జిగురుతోనో రబ్బరుతోనో బిగించిన వెండ్రుకల ముడి. పిడి నూఱేండ్లు నిలుచును. ముడి సాధారణముగా నిలువదు, నిలిచినను నమ్మరాదు. అట్లు నమ్మరాదనుటకు కారణము మొదటి ప్రపంచయుద్ధకాలమున ఉన్నది.

అంతకుముందు మేలైన కుంచెకు బాడ్జరు వెండ్రుకలు వాడెడివారు. బాడ్జరు నేలలో బొరియలు త్రవ్వుకొని బ్రతుకు మృగము. దాని వెండ్రుక మొదట తెలుపు, నడుమ నలుపు, కొసన మరల తెలుపు. నీటిని చక్కగా పట్టియుంచును. 1914లో యుద్ధము వచ్చి పాత వ్యాపారమార్గములు తెగిపోయినవి. సరిగా ఆ కాలముననే సైనికునకు గడ్డము గీచుకొనుట తప్పనిసరి యైనది. విషవాయువును ఆపు ముసుగు ముఖమునకు గట్టిగా అంటవలెనన్న గడ్డము అడ్డము కదా! ఇక దిగుమతియైన చవుక గుఱ్ఱపు వెండ్రుకలను బాడ్జరు వెండ్రుకలవలె కనబడునట్లు చేసి కుంచెలు కట్టిరి. వేషము వేయుటలో చూపిన శ్రద్ధ శుద్ధి చేయుటలో అందరును చూపలేదు.

ఇంగ్లండులోను అమెరికాలోను ఆంత్రాక్స్ రోగులు హఠాత్తుగా పెరిగిరి. మన రైతులు పశువులయందు దొమ్మ యని పిలుచు రోగమే యిది. తోళ్లతోను ఉన్నితోను పనిచేయువారికి వచ్చు రోగము పడుచు సైనికుల చెంపలమీదను మెడలమీదను తేలుట వైద్యులను కలవరపెట్టినది. కత్తి చేసిన సన్నని గాటులోనికి కుంచెనుండి క్రిమి ప్రవేశించును. మొదట చిన్న పొక్కు లేచును. పిదప నొప్పి లేని పుండు, దానిపై నల్లని పక్కు. ఆంత్రాక్స్ అను పేరునకు మూలమైన గ్రీకు పదమునకు బొగ్గు అని యర్థము. పెనిసిలిన్ ఇంకను కనుగొనని దినములవి; ప్రాణములు కోల్పోయినవారును కలరు. కుంచెలను పరీక్షింపగా, వాడినవానిలోనే గాక కొన్ని కొత్తవానిలో సైతము ఆ క్రిమి దొరకినది. బ్రిటిషు ప్రభుత్వము 1919లో ఆంత్రాక్స్ నివారణ చట్టము చేసి, 1920లో జపాను నుండి వచ్చు క్షౌరపు కుంచెల దిగుమతిని నిషేధించినది.

నూఱేండ్లనాటి క్రిమికి నేడు వెఱవనేల అని విద్యార్థి అడుగవచ్చును. ఈ క్రిమి ప్రతికూల పరిస్థితులలో గట్టి కవచము గల సిద్ధబీజముగా మారునని 1876లోనే జర్మను వైద్యుడు రాబర్టు కాక్ చూపినాడు. ఆ బీజమునకు ఆకలి లేదు, దప్పి లేదు. దశాబ్దములు అట్లే పడియుండును. స్కాట్లండు తీరమున గ్రునార్డు అను చిన్న దీవిలో 1942లో బ్రిటిషువారు ఆంత్రాక్సును యుద్ధాయుధముగా పరీక్షించిరి. 1986లో ఫార్మాల్డిహైడు ద్రావణముతో నేలను శుద్ధి చేసి, 1990లో గాని ఆ దీవి నిరపాయమని ప్రకటింపలేకపోయిరి.

పాత కుంచెవలన నేడు కలుగు ప్రమాదము చాల స్వల్పమే. స్వల్పమనుట వేరు, లేదనుట వేరు. సబ్బునీరును స్పిరిటును సిద్ధబీజమును చంపజాలవు. చంపగల తీవ్రమైన ఆవిరి పిడిని కూడ పాడుచేయును. కనుక యుద్ధకాలపుదని అనుమానము గల కుంచెను కడిగి వాడుట గాని, దుమ్ము లేచునట్లు ముడిని కోసి తొలుచుట గాని తగదు. మూతగల గాజుపెట్టెలో నుంచి చూచుకొనవచ్చును.

వెండ్రుక తన వయస్సు చెప్పదు. పిడి కొంత చెప్పును. అరచేతితో వేడెక్కునట్లు రుద్దినప్పుడు కర్పూరపు వాసన వచ్చినచో అది సెల్యులాయిడు. కర్పూరము చేర్చి చేయు ఈ పదార్థము 1870 ప్రాంతమున అమెరికాలో దంతమునకు బదులుగా వెలసినది. కనుక ఈ పిడి గల కుంచె యుద్ధకాలపుది కావచ్చును. కర్పూరమువలెనే త్వరగా మండును కూడ. నిజమైన దంతమైనచో దాని క్రయవిక్రయములు 2022 నుండి బ్రిటనులో చాలవఱకు నిషిద్ధములు. పిడి కాటలిన్ అయినచో సంతోషింపవచ్చును. పోతపోసిన ఈ రెసిన్ 1927లో అమెరికా విపణిలోనికి వచ్చినది. దాని పిడి గల కుంచె యుద్ధకాలపుది కాజాలదు.

ఇట్టి కుంచె దొరికినప్పుడే పని సాగును. వెండ్రుకలను తడిపి, కత్తెరతో మొదలంట కత్తిరించి, మిగిలిన దిమ్మను నడుమనుండి అంచులకు నెమ్మదిగా తొలువవలెను. తొందరపడినవాడు పిడిని పగులగొట్టును. గుంట శుభ్రమైన తరువాత దాని వ్యాసమును కొలిచి, సరిపడు కొత్త ముడిని తెచ్చుకొనవలెను. 20 మొదలు 26 మిల్లీమీటర్ల వఱకు ఉండుట సామాన్యము. బాడ్జరు వెండ్రుక, పందివెండ్రుక, కృత్రిమ నార, మూడును దొరకును. బ్రిటనులో బాడ్జరునకు 1992 చట్టము రక్షణ నిచ్చుచున్నది గాని, నేటి బాడ్జరు వెండ్రుక చాలవఱకు చైనా నుండి వచ్చునదే. ఆ మృగముపై జాలిగలవారికి కృత్రిమ నార కలదు, అదియు నురుగు చక్కగా తీయును.

గుంట లోతులోనే కుంచె స్వభావమంతయు ఉన్నది. ముడి లోతుగా దిగినచో వెండ్రుక పొట్టియై బిరుసుగా నిలుచును. పైపైన నిలిచినచో వంగి వ్రేలాడును. అందుచేత జిగురు పూయుటకు ముందే ముడిని పొడిగా నిలిపి, అడుగున చిన్న బిళ్లలు పేర్చి, ఎత్తు సరిచూచుకొందురు.

ఇక పసుపు తిరిగిన పిడి. తెల్లని కాటలిన్ గాలికిని వెలుతురునకును పైపొరలో రంగు మారి పాకపు వన్నెకు వచ్చును. తడిపిన సన్నని గరుకు కాగితముతో రుద్దినచో లోపలి తెలుపు బయటపడును. రుద్దవలెనా వలదా అని ఈ పనివారిలో తెగని వాదము కలదు. తెలుపు మరల పసుపగుటకు దశాబ్దములు పట్టును. చెక్కిన పేరు రుద్దుటలో అరిగినచో తిరిగి రానే రాదు. గుడ్డతో మెఱుగుపెట్టి విడుచుటే మేలు. పేరులోని అక్షరములలో రంగు రాలిపోయినచో సన్నని కుంచెతో నింపి, పైకి పొరలినదానిని తుడిచివేయవచ్చును.

ఎపాక్సీ జిగురుతో ముడిని నాటిన తరువాత ఒక దినమెల్ల కదలింపరాదు. మొదటి కొన్ని దినములు ఒకటి రెండు వెండ్రుకలు రాలుట సహజము. నెల గడచినను రాలుచునే యున్నచో లోపము ముడి కట్టుటలో ఉన్నది. దానిని తొలిచివేసి మరియొకటి నాటవలెను.